ఎల్లన్న ఎందులకు పరుగెత్తెను?

విద్యార్థులారా! కట్టుబాటును మీరిన బాలుని చెడిపోయినవాడని తలచుట మన వాడుక. అట్టి బాలుడు గల నవల యొకదానిని ఈ యేట పై తరగతులవారితో గూడి మేము చదివితిమి. అది జి. కల్యాణరావుగారి 'అంటరాని వసంతం'. 2000 సంవత్సరమున వెలువడెను. ఒక దళిత కుటుంబముయొక్క కొన్ని తరముల కథను రూతు అను స్త్రీ జ్ఞాపకముల మూలమున ఇందు చెప్పిరి.

కథాసంగ్రహము: ఎన్నెలదిన్ని మాలపల్లెకు చెందిన ఎల్లన్నకు ఆటపాటలనిన ప్రాణము. ఒకనాటి రాత్రి ఊరిలో వీధినాటకము జరుగుచుండెను. పల్లెవారు ఊరివారి యాటను దరిజేరి చూడరాదని నాటి కట్టుబాటు. బాలుడు నిలువలేక పోయి చూచెను, పట్టువడెను, తరుమగా చీకటిలో పరుగెత్తెను. ఆ పరుగే వానిని నాగన్న యను కళాకారుని యొద్దకు చేర్చెను. నాగన్న వానిని చేరదీసి విద్య నేర్పెను. ఎల్లన్న గొప్ప పాటగాడయ్యెను.

ఇందు గమనింపదగినది: వాడు పరుగెత్తినది భయముచేత, నాగన్న యొద్ద నిలిచినది పాటమీది ప్రేమచేత. మనిషిని హీనపరచు కట్టుబాటును మీరెను గాని, గురువు నేర్పిన తాళమును మీరలేదు. కావున పాఠమెగవేసి వాగునకు ఈతకు బోవు బాలుడు, తానును ఎల్లన్ననే యని చెప్పుకొన వీలులేదు!

మన ఖమ్మము సీమలోని నేలకొండపల్లియందు జన్మించిన కంచెర్ల గోపన్న, భద్రాచలమున గుడి కట్టించి, గోలకొండ చెరలో పాడిన కీర్తనలను నేటికిని మనము పాడుకొనుచున్నాము. ఎల్లన్నవంటివారి పాటలను వ్రాసి యుంచినవారు అరుదు. నవలా రచయితయొక్క ఆవేదన యిదియే.

ఈ గ్రంథము క్రైస్తవులమైన మనలను గూడ విడువదు. ఎల్లన్న కుమారుడు శివయ్య కరవుకాలమున ఊరు విడిచి క్రైస్తవుడగును. చరిత్రలోను అట్లే జరిగెను. 1876-78 నాటి గొప్ప కరవులో ఒంగోలు మిషనువారైన క్లౌ దొరగారు బకింగుహాము కాలువ త్రవ్వకమున బీదలకు పని కల్పించిరి. 1878 జూలై 3వ తేదీన ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అయినను బాప్తిస్మముతో కులభేదము సమసిపోలేదని నవల చూపుచున్నది. ఆ మాట చేదైనను సత్యము.

ఇక మా తప్పును చెప్పుకొందుము. కొన్ని యేండ్ల క్రిందట అడవి గ్రామమునుండి వచ్చిన కోయ బాలుడొకడు సాయంకాలమున వసతిగృహమునందు రేకుపెట్టెపై దరువు వేయుచు రేల పాట పాడుచుండెను. "ఇది బడి, అడవి కాదు" అని మేము గద్దించితిమి. వాడు మరల పాడలేదు. వాని మౌనమును వినయమనుకొని సంతసించితిమి. ఈ నవల చదువునప్పుడు ఆ బాలుని ముఖము కన్నులకు గట్టెను. ఎల్లన్నను తరిమినవారిలో మేమును ఒకరమైతిమని సిగ్గుపడితిమి.

తల్లిదండ్రులకు మా విన్నపము: పిల్లవాడు ఎదురాడినప్పుడు కోపపడుటకు ముందు, వాడు కాదనుచున్నది పనినా, అవమానమునా యని విచారింపుడు. పనినైన దిద్దుడు, అవమానమునైన వాని పక్షమున నిలువుడు.

అభ్యాసము:
1. ఎల్లన్న మీరిన నియమమేది? పాటించిన నియమమేది?
2. మీ యవ్వ గాని తాత గాని పాడు పాట నొకదానిని, అది ఏ భాషదైనను, అడిగి తెలుగు లిపిలో వ్రాసికొని రండు. పాడినవారి పేరు తప్పక వ్రాయుడు.