బుర్రకథ నాజర్ – వేదికను ఏలిన విద్య
(అధ్యయన వ్యాసం)
– పూర్వ విద్యార్థి, ఎం.ఏ. తెలుగు



హాస్టల్ వార్షికోత్సవం వచ్చిందంటే పాటలు, నాటికలు, ఉపన్యాసాలు ఉంటాయి. ప్రతి ఏడూ ఒక సంగతి మనందరం చూస్తూనే ఉన్నాం. క్లాసులో మొదటి ర్యాంకు తెచ్చుకునే తమ్ముడు మైకు ముందుకు రాగానే మాట తడబడుతుంది. మార్కులు అంతంతమాత్రంగా వచ్చే ఇంకొకడు వచ్చి నాలుగు మాటలతో హాలంతా ఊపేస్తాడు. 'వాడికి పుట్టుకతోనే వచ్చిందిరా' అనుకుని మనం ఊరుకుంటాం. నిజంగా అది పుట్టుకతో వచ్చేదేనా? నేర్చుకుంటే రాదా? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి బుర్రకథ పితామహుడిగా పేరు పొందిన షేక్ నాజర్ గారి కళను పరిశీలిద్దాం.

నాజర్ ఎవరు?

నాజర్ 1920 ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల కుటుంబంలో జన్మించారు. దూది ఏకడం వారి కులవృత్తి. ఆ పని చేసేవారిని పింజారి అంటారు. ఊళ్ళలో ఆ మాటను తక్కువ చేసి పిలవడానికి కూడా వాడేవారు. నాజర్ తన జీవిత కథ పుస్తకానికి 'పింజారి' అనే పేరే పెట్టుకున్నారు. తనను చిన్నబుచ్చిన మాటనే అట్ట మీద పెద్ద అక్షరాలతో నిలబెట్టారు.

చిన్న వయసులోనే ఆయన సంగీతం, నాటకం నేర్చారు. పొట్ట గడవడానికి దర్జీ పని కూడా చేశారు. 1940లలో ప్రజానాట్యమండలిలో చేరి బుర్రకథను తన జీవితంగా చేసుకున్నారు. 1986లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. 1997 ఫిబ్రవరి 22న కన్నుమూశారు.

ముగ్గురు మనుషులు, ఒక రాజ్యం

బుర్రకథకు పెద్ద సరంజామా అక్కరలేదు. తెరలు, సెట్టింగులు ఉండవు. ఉండేది ముగ్గురే. నడుమ కథకుడు. అతని తలకు పాగా, ఒంటికి అంగరఖా, భుజాన తంబురా, వేళ్ళకు అందెలు, కాళ్ళకు గజ్జెలు. అటూ ఇటూ గుమ్మెటలు పట్టుకున్న ఇద్దరు వంతలు. ఒక వంత హాస్యం చెబుతాడు, రెండో వంత రాజకీయం చెబుతాడు.

ఈ ఏర్పాటులో ఎంత తెలివి ఉందో చూడండి. కథకుడు పల్నాటి యుద్ధం చెబుతుంటాడు. జనానికి రావలసిన అనుమానం హాస్యపు వంతకు ముందే వస్తుంది. అతను అడుగుతాడు, జనం నవ్వుతారు. ఆ నవ్వులోనే రెండో వంత నేటి సంగతి ఒకటి అందుకుంటాడు. వడ్డీ వ్యాపారి గురించో, ధరల గురించో, దొర గురించో ఒక చురక వేస్తాడు. అప్పటిదాకా పాత కథ వింటున్నామనుకున్న మనిషి, ఇది తన కథేనని తెలుసుకుంటాడు. అంతలో కథకుడు మళ్ళీ పాట ఎత్తుకుంటాడు.

కథకుడికి ఉన్నది ఒక్క శరీరమే. కథలో రాజు, సేనాని, తల్లి, పిరికివాడు, గుర్రం ఎక్కిన వీరుడు అందరూ వస్తారు. వేషం మార్చుకునే వ్యవధి ఉండదు. అడుగు ముందుకు వేస్తే వీరుడు, వెనక్కు వేస్తే భయపడ్డవాడు. గొంతు తగ్గిస్తే తల్లి. అందుకే బుర్రకథలో నడక కూడా మాట్లాడుతుంది.

నాజర్ ప్రత్యేకత

నాజర్ బుర్రకథకు రెండు బలాలు తెచ్చారు. ఒకటి సంగీత శిక్షణ, రెండు నటన. సంగీతం తెలిసినందువల్ల ఏ ఘట్టానికి ఏ రాగం, ఎంత వేగం కావాలో ఆయనకు తెలుసు. నాటకాల్లో పనిచేసినందువల్ల కథను చెప్పడంతో ఆపకుండా చేసి చూపించారు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలు ఆయన నోట ఊరూరా మోగాయి. అల్లూరి బుర్రకథను 1954లో వచ్చిన 'అగ్గిరాముడు' సినిమాలో కూడా పెట్టారు. దానివల్ల ఆయనను ఎన్నడూ చూడని ఊళ్ళకు కూడా ఆయన గొంతు, ఆయన నిలబడిన తీరు చేరాయి.

అప్పటి ప్రదర్శన పరిస్థితిని మనం ఊహించుకోవాలి. ఆరుబయట, రాత్రి పూట, నేల మీద కూర్చున్న జనం. వారిలో పొలం నుంచి, పని నుంచి అలసి వచ్చినవారే ఎక్కువ. మన కొత్తగూడెంలో రెండో షిఫ్టు దిగి వచ్చి గుంపు చివర నిలబడ్డ గని కార్మికుడిని తలచుకోండి. అతనికి నిద్ర వస్తుంటుంది. ఇంటికి పోదామని ఒక కాలు ఎత్తే ఉంటాడు. ఆ మనిషిని ఆపగలిగినవాడే కథకుడు. గజ్జెల చప్పుడు, తంబురా విసురు, కంటి చూపు ఇవన్నీ ఆ చివరి మనిషి కోసమే.

సముద్రాల అవతల ఒక బాకా

ఇటువంటి విద్య వేరే దేశంలో వేరే రూపంలో కనిపిస్తుంది. పెళ్ళి బ్యాండులో ట్రంపెట్ మనందరం విన్నదే. ఆ ట్రంపెట్‌తో ప్రపంచాన్ని ఊపినవాడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. 1901లో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో నిరుపేద నల్లజాతి కుటుంబంలో పుట్టాడు. పదకొండేళ్ళ వయసులో, కొత్త సంవత్సరం వేడుకల్లో పిస్తోలు పేల్చాడని పట్టుకుని నల్లజాతి బాలుర గృహంలో పెట్టారు. అక్కడి బ్యాండు మాస్టారు పీటర్ డేవిస్ అతనికి కార్నెట్ అనే చిన్న బాకా నేర్పాడు. తల్లికి దూరంగా, గంట కొడితే లేచే ఆ ఇంట్లోనే అతని జాతకం మారింది.

1922లో అతను చికాగో వెళ్ళి కింగ్ ఆలివర్ బృందంలో చేరాడు. తర్వాత జాజ్ సంగీతానికే పెద్ద దిక్కయ్యాడు. చేతిలో తెల్ల రుమాలు, ముఖం నిండా నవ్వు, గరగర గొంతు అతని గుర్తులు. చెమట తుడుచుకునే రుమాలు కూడా ఆటలో భాగమైంది. 1930ల మొదట్లో పై స్థాయి స్వరాన్ని వరసగా పదుల సార్లు ఊదుతుంటే జనం లెక్కపెట్టేవారు. ఆ శ్రమకు పెదవులు గాయపడ్డాయి. మనకు కనిపించే నవ్వు వెనుక అంత కష్టం ఉంది.

నవ్వించడం లొంగడమా?

తర్వాతి తరం నల్లజాతి సంగీతకారులు కొందరు ఆర్మ్‌స్ట్రాంగ్‌ను విమర్శించారు. తెల్లవాళ్ళ ముందు అంత నవ్వడం ఎందుకన్నారు. ఆ విమర్శలో బాధ ఉంది, కొట్టిపారేయలేం. అయితే 1957లో ఒక ఘటన జరిగింది. లిటిల్ రాక్ అనే ఊళ్ళో తొమ్మిదిమంది నల్లజాతి విద్యార్థులను బడిలోకి రాకుండా సైనికులను పెట్టి అడ్డుకున్నారు. అప్పుడు ఇదే ఆర్మ్‌స్ట్రాంగ్ దేశాధ్యక్షుడిని పేరుపెట్టి దుయ్యబట్టాడు. ప్రభుత్వం తరఫున సోవియట్ దేశానికి వెళ్ళవలసిన యాత్రను వదులుకున్నాడు. ఆ మాటలు పత్రికల్లో అంత పెద్దగా రావడానికి కారణం, అప్పటికే అతని ముఖం ప్రతి ఇంటికీ తెలిసి ఉండటమే.

బుర్రకథలో హాస్యపు వంత, రాజకీయపు వంత పక్కపక్కనే ఎందుకు నిలబడతారో ఇప్పుడు అర్థమవుతుంది. నవ్వు తలుపు తీస్తుంది. తీసిన తలుపులోంచి నిజం లోపలికి వెళుతుంది. 1940ల చివర మద్రాసు ప్రభుత్వం ప్రజానాట్యమండలి ప్రదర్శనలను నిషేధించింది. తంబురా, గుమ్మెటల వల్ల ప్రభుత్వానికి ఏం భయం? ఆ నవ్వు ఎక్కడికి దారి తీస్తుందో వారికి తెలుసు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో బుర్రకథ, గొల్లసుద్దులు ఊళ్ళను కదిలించినదీ ఈ దారిలోనే.

మనం నేర్చుకోవలసినది

తమ్ముళ్ళూ, మనలో చాలామంది ఇళ్ళల్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కినవాళ్ళం. నేనూ అంతే. ఇంటర్వ్యూలో, సెమినార్లో నలుగురి ముందు నిలబడగానే మన భాష, మన బట్టలు, మన ఊరు గుర్తొచ్చి తల వంగిపోతుంది. నాజర్ పింజారి అన్న మాటతోనే తలెత్తుకున్నారు. అది ఒక్కనాటి ధైర్యంతో వచ్చింది కాదు. రాగం సాధన చేస్తే, అడుగు సాధన చేస్తే, కథ కంఠస్థం అయితే వచ్చిన ధైర్యం.

కనుక ఈ మూడు అభ్యాసాలు చేద్దాం. మొదటిది, చెప్పబోయే విషయం పూర్తిగా తెలుసుకోవాలి. తెలియని విషయానికి ఏ అభినయమూ ప్రాణం పోయదు. రెండవది, స్టడీ అవర్ ముగిశాక రోజూ పది నిమిషాలు ఒకరు చెప్పాలి, ఇద్దరు వంతల్లా ప్రశ్నలు వేయాలి. మూడవది, ముందు వరుసలోని అతిథులను చూసి మాట్లాడకుండా, గోడ దగ్గర నిలబడ్డ చివరివాడిని చూసి మాట్లాడాలి. అతనికి వినిపిస్తే అందరికీ వినిపించినట్టే.

వేదిక ఎవరి సొత్తూ కాదు, సాధన చేసినవాడిది. వచ్చే వార్షికోత్సవానికి మన హాస్టల్ నుంచి ఒక బుర్రకథ దళం తయారుకావాలని కోరుకుంటున్నాను.