ముద్దాయి వకీలుకు అకాడమీ లేదు

అఫ్జల్‌గంజ్,
హైదరాబాద్

చి. అమ్ములుకు,



నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లోనే ప్రాక్టీసు పెడతానని పట్టుబట్టావని మీ అమ్మ చెప్పింది. సివిల్ వైపు వెళ్లమని ఇంటిల్లిపాదీ పోరుతున్నారట. నేను పోరను. ముద్దాయి పక్కన నిలబడే పని ఎంచుకున్నందుకు నాకు గర్వంగా ఉంది. అయితే నల్లకోటు పాతబడకముందే నీకొక మాట చెప్పాలి.

ఆ కోర్టు హాల్లో ముద్దాయి వకీళ్లమైన మనకు తప్ప అందరికీ బడి ఉంది. జడ్జిలకు సికింద్రాబాద్‌లో జ్యుడీషియల్ అకాడమీ. పోలీసు అధికారులకు శివరాంపల్లిలో జాతీయ అకాడమీ. రక్తం, విసెరా పరీక్షలకు ప్రాసిక్యూషన్‌కు రెడ్‌హిల్స్‌లో ల్యాబ్. మనం ఒకసారి బార్ పరీక్ష దాటామంటే, మళ్లీ పుస్తకం తెరిచావా అని అడిగే నాథుడుండడు. న్యూయార్క్‌లో తలపండిన వకీలు కూడా రెండేళ్లకోసారి 24 గంటల శిక్షణ పూర్తి చేసినట్టు చూపించాలి. మన దేశంలో అలాంటి నిబంధన లేదు కాబట్టి దాన్ని మనకు మనమే పెట్టుకోవాలి. ఒంటరిగా కుదిరే పని కాదు, నలుగురు కావాలి.

2024 జులై 1న కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చాక ఈ అవసరం పదింతలైంది. హత్యకు 302వ సెక్షన్ పోయి 103 వచ్చింది. ముందస్తు బెయిల్ 438 నుంచి 482కి మారింది. కేసు కొట్టేయమనే క్వాష్ పిటిషన్ అనగానే మా నోట వచ్చే పాత 482 ఇప్పుడు 528. అంకెలదేముంది, వారం రోజుల్లో నోటికొస్తాయి. పాతదీ కొత్తదీ పక్కపక్కనే నడవడం దగ్గరే తంటా. ఆ తేదీకి ముందు జరిగిన నేరానికి ఐపీసీయే వర్తిస్తుంది. కేసు కట్ట విప్పగానే నేరం ఏ రోజు జరిగిందో చూడటం అలవాటు చేసుకో.

పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 479వ సెక్షన్ తీసి చదువు. ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాడు, గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం విచారణ ఖైదీగా గడిపేస్తే, బాండ్ మీద విడిచిపెట్టాలి. మిగతావాళ్లకు సగం కాలం. ఉరి, యావజ్జీవం పడే నేరాలు ఇందులోకి రావు. పాత కేసులకూ ఇది వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఒకటికి మించి కేసులు పెండింగ్‌లో ఉంటే ఈ సెక్షన్ కింద వదలరన్న మెలిక అందులోనే ఉంది. సెల్‌ఫోన్ దొంగతనంలో పట్టుబడ్డ కుర్రాడి మీద మూడు స్టేషన్లలో మూడు కేసులుంటే వాడి గతేమిటి? ఆ మెలిక దగ్గర ఎవరు ఏం వాదించారు, ఏ కోర్టు ఏమంది అన్నది ఒక్క వకీలు బీరువాలో ఉండిపోతే ఒక్క ముద్దాయికే పనికొస్తుంది. చంచల్‌గూడ జైల్లో ఉన్న మిగతావాళ్లకు ఎవరు చెప్పాలి?

అందుకే నువ్వూ, నీ ఈడు వకీళ్లూ కలిసి ఒక ఉమ్మడి ఫైలు పెట్టండి. బెయిల్ ఆర్డర్లు, వాదనల నోట్సు, సాక్షుల డిపోజిషన్ల నకళ్లు అందులో ఉండాలి. తీర్పులు దొరకడం ఇప్పుడు కష్టం కాదు. సుప్రీంకోర్టువి 2023 నుంచి ఈ-ఎస్‌సీఆర్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి, కొన్ని తెలుగులో కూడా. ఏఎల్‌టీ, ఏఎల్‌డీ లాంటి లా రిపోర్టులు బార్ లైబ్రరీలో చూసుకోవచ్చు. పుస్తకాల్లో దొరకనిది క్రాస్ ఎగ్జామినేషన్ చేసే విద్య. సాక్షి పోలీసులకు చెప్పని మాట ఒకటి కోర్టులో చెప్తాడు. 'ఇది పోలీసులకు చెప్పలేదు కదా' అని మనం అడిగితే 'చెప్పాను' అంటాడు. చాలామంది జూనియర్లు అంతటితో కూర్చుంటారు. తర్వాత దర్యాప్తు అధికారి (ఐవో) బోనెక్కినప్పుడు అదే విషయం అడిగి, 'ఆ సాక్షి నాకు అలా చెప్పలేదు' అని ఆయన నోట రికార్డు చేయిస్తేనే ఆ ఒమిషన్ రుజువైనట్టు. ఆ సాక్షికీ ఐవోకీ మధ్య ఎన్ని వాయిదాలు పోతాయో తెలియదు. సాక్షి దిగిన సాయంత్రమే, ఐవోను అడగాల్సినవి విడిగా ఒక కాగితం మీద రాసి కట్టలో పైన పెట్టు. కోర్టుకు నువ్వు వెళ్లలేని రోజున ఇంకొకరు ఆ కాగితం పట్టుకుని లేచి నిలబడగలగాలి.

ఇక్కడి కొట్లాట కేసుల్లో వూండ్ సర్టిఫికెట్లు ఎక్కువగా ఉస్మానియా ఆసుపత్రి నుంచే వస్తాయి. గాయాల జాబితా చదివి పక్కన పెట్టకు. ఎవరు కొట్టారని, దేనితో కొట్టారని డాక్టరుకు చెప్పారో పైన ఒక వాక్యం ఉంటుంది. చాలాసార్లు అది ఎఫ్‌ఐఆర్ కన్నా ముందు పుట్టిన మాట. డాక్టరు దగ్గర 'ఎవరో గుర్తుతెలియనివాళ్లు' అన్న మనిషి స్టేషన్‌కెళ్లేసరికి అయిదుగురి పేర్లు చెప్పాడంటే, నీ కేసు సగం అక్కడే ఉంది. డాక్టర్లను ఏం అడగాలో, ఏం అడిగితే మనకే ఎదురు తిరుగుతుందో రాసుకోవడానికే ఆ ఉమ్మడి ఫైలులో ఒక భాగం కేటాయించండి.

మన తెలుగువాళ్ల కేసులు రెండు ఈ దేశమంతటికీ సాక్ష్యచట్టం నేర్పాయని నీకు లా కాలేజీలో చెప్పారో లేదో. 1937లో పూరీ స్టేషన్లో, రైలుపెట్టెలో ఒక ట్రంకులో శవం దొరికింది. పోయినాయన పిఠాపురం మనిషి. అదే పాకాల నారాయణస్వామి కేసు. ముద్దాయి పోలీసులకిచ్చిన వాంగ్మూలాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదని చెప్పి, 1939లో ప్రివీ కౌన్సిల్ అతని అప్పీలును అనుమతించింది. రెండోది గుంటూరు జిల్లా పులుకూరి కొట్టయ్య కేసు. 'కత్తి ఫలానా చోట దాచాను' అని ముద్దాయి చెప్పగా కత్తి దొరికితే, ఆ దొరకడానికి దారిచూపిన మాట వరకే సాక్ష్యం; 'దానితోనే పొడిచాను' అన్నది చెల్లదు. అప్పటి 27వ సెక్షన్ ఇప్పుడు కొత్త సాక్ష్యచట్టంలో 23వ సెక్షన్ చివర ఉంది. ఈ రోజుకీ ప్రాసిక్యూషన్ వాళ్లు కన్ఫెషన్ పంచనామాను మొత్తంగా మార్క్ చేయించబోతారు. నువ్వు లేచి, అడ్మిసిబుల్ పోర్షన్ ఏదో అంతవరకే మార్క్ చేయాలని అడగాలి, అభ్యంతరం రికార్డుకెక్కించాలి. మర్నాడు అప్పీలు వేసే వకీలు దాని కోసమే వెతుక్కుంటాడు.

ఒక్క విషయంలో మాత్రం కఠినంగా ఉండు. ముద్దాయి నిన్ను నమ్మి చెప్పిన మాట ఏ ఉమ్మడి ఫైలులోకీ వెళ్లకూడదు. కోర్టు రికార్డుకెక్కినదే పంచుకోవాలి. పోక్సో, అత్యాచారం కేసుల్లో బాధితురాలి పేరు, ఊరు, బడి అన్నీ కొట్టేశాకే నకలు చేతులు మారాలి. ఈ రెండూ పాటించలేని మనిషిని మీలో చేర్చుకోవద్దు, ఎంత తెలివైనవాడైనా సరే.

లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ వాళ్లను వేరుగా చూడకు. జాతీయ న్యాయసేవల సంస్థ (నల్సా) 2022 నాటి పథకం కింద వాళ్లు పూర్తికాలం డిఫెన్స్ పనే చేస్తారు, బీదవాళ్ల కేసులు నీకన్నా ఎక్కువ చూస్తారు. యావజ్జీవమో, ఉరో పడగల కేసులో కోర్టు అమికస్‌గా వేసిన వకీలుకు కేసు చదువుకోవడానికి మామూలుగా కనీసం ఏడు రోజులివ్వాలని 2019లో అనోఖీలాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు కాపీ మీ ఫైలులో మొదటి పేజీల్లో ఉండాలి.

బొజ్జా తారకం గారి 'పోలీసులు అరెస్టు చేస్తే' నీకు పంపుతున్నాను. వకాలత్ చేస్తూనే, మామూలు మనిషి చేతికి చట్టం అందాలని తెలుగులో రాశారాయన. సెక్షన్ల అంకెలు మారిపోయాయి, ఆ పద్ధతి మాత్రం నేర్చుకో. అర్ధరాత్రి స్టేషన్ బయట నిలబడ్డ తల్లికి అర్థమయ్యేలా రెండు పేజీలు, కొత్త సెక్షన్లతో, తెలుగులో ఒకటి, ఉర్దూలో ఒకటి మీరు తయారుచేయాలి. పాతబస్తీలో ఉర్దూ కాగితం లేకపోతే సగం పని చేసినట్టే.

కూర్చోవడానికి చోటు గురించి ఆలోచించకు. శనివారం సాయంత్రాలు నా ఆఫీసు ముందుగది మీదే. పాత గెజిట్లు, పాత పేపర్లు కావాలంటే 1891లో మొదలైన మన అసఫియా లైబ్రరీ నడిచి వెళ్లే దూరంలోనే ఉంది. మొదటి శనివారం నీతోపాటు ఇంకో ఇద్దరు వచ్చినా చాలు. వచ్చేటప్పుడు, నువ్వు ఈ మధ్య కూర్చుని చూసిన క్రాస్ ఒకటి, డిపోజిషన్ నకలుతో సహా పట్టుకురా. దానిమీదే మొదలుపెడదాం.

ఇట్లు,
నీ మామయ్య