పిల్లలకు మేలు జరిగిందా? తేల్చి చెప్పే ఉద్యోగం ఒకటుంది

పిల్లల కోసం పనిచేస్తానని ఇంటర్ చదివే అమ్మాయో అబ్బాయో అంటే మన ఇళ్లలో వినిపించే సలహాలు మూడే. బైపీసీ అయితే డాక్టర్‌వి అవ్వు. ఎంపీసీ అయితే ముందు సీఎస్‌ఈ చదివి స్థిరపడు, సేవ సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఈమధ్య మూడోది వచ్చి చేరింది: ఏఐ చదువు, పిల్లలకు పాఠాలు చెప్పే యాప్ ఒకటి తయారుచెయ్. పెద్దవాళ్లు మంచి మనసుతోనే చెబుతారు. కానీ ఆ మూడో సలహా వెనక ఒక నమ్మకం ఉంది. మంచి వస్తువేదో తయారుచేసి పిల్లల చేతిలో పెడితే చాలు, మేలు దానంతటదే జరిగిపోతుందని. అది చాలాసార్లు నిజం కాదు. మేలు జరిగిందో లేదో నిగ్గు తేల్చే వృత్తి ఒకటి ఉంది. దాన్ని ఇంపాక్ట్ ఇవాల్యుయేషన్ అంటారు. ఇందులోకి మన పల్లెలూ మన బడులూ తెలిసిన పిల్లలు రావాలని గట్టిగా కోరుకునేవాళ్లలో నేనొకణ్ణి.

ఈ పని ఎందుకు అవసరమో కెన్యా కథ బాగా చెబుతుంది. అక్కడి బడుల్లో గోడకు తగిలించే పెద్ద బొమ్మల చార్టులున్నచోట పిల్లలకు ఎక్కువ మార్కులు వస్తున్నట్టు లెక్కల్లో కనిపించింది. చూసినవాళ్లెవరైనా చార్టుల వల్లే అనుకుంటారు. ఆర్థికవేత్తలు పాల్ గ్లూవీ, మైఖేల్ క్రేమర్, వారి సహచరులు 178 బడులను తీసుకుని, సగం బడులకు చార్టులిచ్చి, మిగతా సగానికి ఇవ్వకుండా పరీక్షలు పెట్టి చూశారు. మార్కుల్లో తేడా లేదు. చార్టులు కొనుక్కోగలిగిన బడుల్లో మొదటినుంచీ మరెన్నో సౌకర్యాలుంటాయి, ఆ ఫలితమంతా చార్టుల ఖాతాలో పడింది. అదే క్రేమర్‌కు 2019లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోలతో కలిపి అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. పెరూ దేశంలో 319 గ్రామీణ బడుల్లో ఇదే పద్ధతిలో లాప్‌టాప్‌లను పరీక్షించారు. పిల్లలకు కంప్యూటర్లు అందాయి, వాడారు కూడా. లెక్కల్లో, భాషలో మార్కులు మాత్రం పెరగలేదు.

కంప్యూటరే పనికిరాదని దీన్నిబట్టి అనుకోకూడదు. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే సాయంత్రం సెంటర్లలో సీట్లను లాటరీ తీసి ఇచ్చారు. సీటు వచ్చిన పిల్లలు నాలుగున్నర నెలల్లో లెక్కల్లో, హిందీలో రానివాళ్లకంటే స్పష్టంగా ముందుకు వెళ్లారు. ఏడో తరగతి పిల్లవాడు నిజంగా మూడో తరగతి స్థాయిలో ఉంటే, ఆ సాఫ్ట్‌వేర్ అక్కణ్నుంచే మొదలుపెడుతుంది. పెరూలో యంత్రం ఇచ్చారు, ఇక్కడ పిల్లవాడి స్థాయికి తగిన పాఠం ఇచ్చారు. ఆ తేడా కొలిస్తేనే తెలిసింది.

ఇదంతా ఎక్కడో దూరదేశాల సంగతి అనుకుంటే పొరపాటు. పిల్లల చదువు మీద ప్రపంచమంతా చెప్పుకునే అధ్యయనాల్లో కొన్ని మన ఊళ్లలోనే జరిగాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుంచి ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్‌ల నాయకత్వంలో ప్రభుత్వం, ప్రపంచ బ్యాంకు, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ కలిసి ఐదు జిల్లాల్లోని 500 ప్రభుత్వ బడుల్లో రకరకాల ప్రయోగాలు చేశాయి. పిల్లల ప్రగతిని బట్టి టీచర్లకు బోనస్ ఇచ్చిన బడుల్లో రెండేళ్లకు మార్కులు పెరిగాయి. మరికొన్ని బడుల్లో పిల్లలు ఎక్కడ వెనకబడ్డారో వివరంగా రాసి టీచర్లకు రిపోర్టులు మాత్రమే ఇచ్చారు. పరిశీలకులు తరగతికి వచ్చినప్పుడు ఆ టీచర్లు చురుగ్గా పాఠం చెప్పారు. పిల్లల మార్కులు మాత్రం కదల్లేదు.

నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించేది మూడో ప్రయోగం. కొన్ని బడులకు నోటుపుస్తకాలు, రాతసామాను వంటివి కొనడానికి గ్రాంటు ఇచ్చారు. మొదటి ఏడాది ఆ డబ్బు వస్తుందని ఎవరికీ ముందుగా తెలియదు. ఆ ఏడాది మార్కులు పెరిగాయి. రెండో ఏడాది వస్తుందని అందరికీ తెలుసు. ఆ ఏడాది తల్లిదండ్రులు తాము పెట్టే ఖర్చు తగ్గించుకున్నారు, మార్కుల మీద ప్రభావం కనపడలేదు. తప్పు వాళ్లది కాదు. బడిలో నోటుబుక్కు ఇస్తారని తెలిస్తే కూలి డబ్బుతో మరొకటి కొనే తల్లి ఎవరు? ఆఫీసులో కూర్చుని గ్రాంటు మంజూరు చేసినవారికి ఈ సంగతి ఫైళ్లలో దొరకదు. బడిలో పరీక్ష పెట్టి, ఇంటింటికీ వెళ్లి ఖర్చులు అడిగి రాసుకుంటేనే తెలిసింది. మనం మాట్లాడుకుంటున్న ఉద్యోగం సరిగ్గా అదే.

ఇక్కడ తల్లిదండ్రులతో ఒక మాట. ఏప్రిల్, మే నెలల్లో మన చౌరస్తాల్లో ర్యాంకుల హోర్డింగులు నిండిపోతాయి. ఆ ఫొటోలు చూసి లక్షలు కట్టేముందు, ఈ వృత్తిలో మొదటిరోజు నేర్పే ప్రశ్న వేయండి: ఈ పిల్లవాడు అక్కడ చేరకపోయి ఉంటే ఏ ర్యాంకు వచ్చేది? పదో తరగతిలో ముందున్న పిల్లలను ఏరి, ఫీజు తగ్గించి చేర్చుకుని, వాళ్లకు విడిగా సెక్షన్ పెట్టిన కాలేజీకి మంచి ర్యాంకులు రావడంలో కాలేజీ గొప్పతనం ఎంత, ఆ పిల్లల గొప్పతనం ఎంత? పూర్తి ఫీజు కట్టిన మిగతా పిల్లలకు ఏమొచ్చింది? మధ్యలో మానేసినవాళ్లు ఎందరు? ఆ లెక్క ఏ హోర్డింగు మీదా ఉండదు. అయినా ఆ ఫొటోలను నమ్మి, పదిహేనేళ్ల పిల్లలను పొద్దున్నుంచి రాత్రిదాకా స్టడీ అవర్లలో కూర్చోబెడుతున్నాం. దీన్ని నేను క్షమించలేను. పిల్లలకు నిద్ర తగ్గించి మార్కులు పెంచుతామని ఎవరైనా అంటే, రుజువు చూపించమని అడిగే హక్కు మీకుంది.

ప్రైవేటు బడి అనగానే అప్పు చేసైనా చేర్చేవారికీ ఒక సమాచారం. ఇదే ఉమ్మడి రాష్ట్రంలో 180 ఊళ్లలో లాటరీ తీసి, కొందరు ప్రభుత్వ బడి పిల్లలకు ప్రైవేటు బడిలో చదివే అవకాశం ఇచ్చారు. నాలుగేళ్ల తర్వాత తెలుగులో, లెక్కల్లో వారికీ, ప్రభుత్వ బడిలోనే ఉన్నవారికీ తేడా కనిపించలేదు. ప్రైవేటు బడులు ఆ రెంటికీ తక్కువ సమయమే కేటాయించి, హిందీ వంటి ఇతర సబ్జెక్టులు కూడా నేర్పాయి. హిందీలో ప్రైవేటు బడి పిల్లలే ముందున్నారు. వాటికి ఒక్కో పిల్లవాడి మీద అయ్యే ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు మాత్రమే. చూశారా, ఈ ఫలితం ఎవరి వాదనకూ పూర్తిగా అనుకూలంగా లేదు. నిజాయతీగా కొలిచిన ఫలితాలు తరచూ ఇలాగే ఉంటాయి. దాన్ని ఉన్నదున్నట్టు చెప్పగలిగే స్వభావం ఈ పనికి మొదటి అర్హత.

పని ఎలా ఉంటుందో వివరంగా తెలుసుకోండి. కొత్త పథకం మొదలయ్యేముందు పిల్లల స్థాయిని కొలవాలి, దాన్ని బేస్‌లైన్ అంటారు. ఎవరికి పథకం అందాలో చాలాసార్లు లాటరీతో తేలుతుంది. ఏడాదికో రెండేళ్లకో పథకం అందిన, అందని రెండు బృందాలనూ మళ్లీ కొలుస్తారు, అది ఎండ్‌లైన్. ఒక్క బృందాన్నే ముందూ వెనకా కొలిస్తే లాభం లేదు. ఏడాది గడిస్తే ఏ పిల్లవాడైనా ఎంతో కొంత నేర్చుకుంటాడు, ఎంతో కొంత ఎత్తు పెరుగుతాడు. ఈ మధ్యకాలమంతా ప్రశ్నాపత్రం రాయడం, నాలుగు ఊళ్లలో అడిగి చూసి దిద్దడం, ఇంటింటికీ వెళ్లి సర్వే చేసే ఎన్యూమరేటర్లకు శిక్షణ ఇవ్వడం, ట్యాబ్‌లో వచ్చిన సమాధానాలను రోజూ రాత్రి సరిచూడడం, అనుమానం వచ్చిన ఇంటికి మరునాడు మళ్లీ వెళ్లడం ఉంటుంది. వలస వెళ్లిన కుటుంబాన్ని వెతికి పట్టుకోవాలి. దొరికినవాళ్లనే లెక్కిస్తే ఫలితం పక్కదారి పడుతుంది. పిల్లలతో పని కాబట్టి తల్లిదండ్రుల అనుమతి, ఎథిక్స్ కమిటీ ఆమోదం తప్పనిసరి. మొదటి రెండేళ్లు సగం కాలం బస్సుల్లో, మండల కేంద్రాల లాడ్జీల్లో గడవచ్చు. అది ఇష్టంలేనివారు ఇటు రాకపోవడమే మంచిది.

కొలత విషయంలో మరొకటి గమనించాలి. ఆంధ్రప్రదేశ్‌లోనే ఆర్థికవేత్త అభిజీత్ సింగ్ చేసిన పరిశోధనలో, టీచర్ల చేతుల మీదుగా జరిగిన కాగితం పరీక్షల్లో మార్కులు అసలు స్థాయికంటే ఎక్కువగా వచ్చాయని తేలింది. ట్యాబ్ మీద పెట్టిన పరీక్షల్లో ఆ తేడా చాలావరకు తగ్గింది. పథకం నడిపేవారికీ కొలిచేవారికీ మధ్య దూరం ఉండాలనేది ఇందుకే.

చదువు సంగతి. ఇంటర్‌లో వీలైతే లెక్కలున్న గ్రూపు తీసుకోండి. ఎంఈసీ విద్యార్థులకు ఇది రాజమార్గం: డిగ్రీలో ఎకనామిక్స్ లేదా స్టాటిస్టిక్స్, ఆపైన ఎంఏ ఎకనామిక్స్. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లలో ఎంఏకు సీయూఈటీ పీజీ రాయాలి. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కూ అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీకీ సొంత ప్రవేశపరీక్షలున్నాయి. బైపీసీ పిల్లలు పోషకాహారం, ప్రజారోగ్యం వైపు నుంచి రావచ్చు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1987-90 మధ్య హైదరాబాద్ సమీపంలోని 29 గ్రామాల్లో గర్భిణులకూ పసిపిల్లలకూ అదనపు ఆహారం ఇచ్చిన ప్రభావాన్ని పరిశీలించింది. ఆ పిల్లలు పెద్దయ్యాక కూడా వారి ఆరోగ్యాన్ని పరీక్షిస్తూ వచ్చారు. యంగ్ లైవ్స్ అధ్యయనం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో దాదాపు 3,000 మంది పిల్లల జీవితాలను 2002 నుంచి నమోదు చేస్తోంది. ఇలాంటివాటికి ఎకనామిస్టులతోపాటు న్యూట్రిషనిస్టులూ స్టాటిస్టీషియన్లూ కావాలి. మామూలు డిగ్రీ కాలేజీలో బీఎస్సీ స్టాటిస్టిక్స్ శ్రద్ధగా చదివినవారిని, పేరున్న చోట బీటెక్ ఇష్టంలేకుండా చదివినవారికంటే నేను ముందు నిలబెడతాను.

ఇక జాగ్రత్తలు. ఈ రంగం కాస్త పేరు తెచ్చుకోగానే దాని చుట్టూ దుకాణాలు వెలిశాయి. కొద్ది నెలల్లో డేటా సైన్స్, ఆపైన ఇంపాక్ట్ సర్టిఫికెట్ అంటూ లక్షల్లో ఫీజు వసూలుచేసే కోర్సులకు ఈ రంగంలో విలువ లేదు. ఇంటర్వ్యూలో మిమ్మల్ని అడిగేది రిగ్రెషన్ అర్థమైందా, గజిబిజి డేటాను శుభ్రం చేయగలరా, సర్వేలో తప్పు ఎక్కడ వస్తుందో ఊహించగలరా అని. డేటా విశ్లేషణకు వాడే ఆర్ సాఫ్ట్‌వేర్ ఉచితం. అభిజిత్ బెనర్జీ, డఫ్లోల బృందం ఎంఐటీ నుంచి ఆన్‌లైన్‌లో నడిపే పాఠాలు ఉచితంగా వినొచ్చు, పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలనుకుంటేనే ఫీజు. స్వయం పోర్టల్‌లో స్టాటిస్టిక్స్ పాఠాలున్నాయి. ఇవన్నీ ఉండగా అప్పు చేయాల్సిన పనేముంది?

అంతకంటే పెద్ద ప్రమాదం విదేశీ మాస్టర్స్. పబ్లిక్ పాలసీ అని పేరున్న ఏడాది, రెండేళ్ల కోర్సుకు ఇల్లు తాకట్టుపెట్టి వెళ్లే కుటుంబాలను చూస్తున్నాను. ఈ రంగంలో తొలి జీతాలు సాఫ్ట్‌వేర్ జీతాలతో పోటీపడవు. చాలా ఉద్యోగాలు ప్రాజెక్టు ఉన్నంతకాలమే ఉంటాయి, ఏడాదికో రెండేళ్లకో కొత్తది వెతుక్కోవాలి. ఆ జీతంతో ఆ అప్పు తీరదు. నా సలహా ఒక్కటే: ముందు ఇక్కడ చదివి, ఇలాంటి అధ్యయనాలే చేసే జే-పాల్ దక్షిణాసియా విభాగం, క్రియా యూనివర్సిటీలోని లీడ్ వంటి సంస్థల్లో రీసెర్చ్ అసోసియేట్‌గా రెండేళ్లు పనిచేయండి. ఆ అనుభవం, అక్కడి ప్రొఫెసర్ల సిఫారసు ఉంటే పూర్తి స్కాలర్‌షిప్‌తో పీహెచ్‌డీకి ప్రయత్నించవచ్చు. స్కాలర్‌షిప్ రాకపోతే వెళ్లకండి.

మూడో జాగ్రత్త మనసుకు సంబంధించినది. ఐక్యరాజ్యసమితిలో ఉద్యోగం అనే కలతో వచ్చి, మండలస్థాయి పనిని చిన్నచూపు చూసేవారు ఇక్కడ నిలబడరు. అలాగే మంచి జరగాలన్న ఆరాటంలో ఫలితాన్ని కాస్త తియ్యగా రాసేవారు కూడా. పథకానికి డబ్బిచ్చినవారు, నడిపినవారు, మీరు ఇష్టపడ్డ టీచర్లు అందరూ మంచి ఫలితం కోసం ఎదురుచూస్తుంటారు. లాభం కనపడలేదని రాయాల్సిన రోజు వస్తుంది. ఆ రాత వల్ల పనికిరాని చోట పడే డబ్బు పనికొచ్చే చోటికి మళ్లుతుంది.

జిల్లాపరిషత్ బడిలో చదివిన పిల్లలకు ఇక్కడ ఒక బలం ఉంది. తరగతిలో వెనక బెంచీలో ఎవరు కూర్చుంటారో, పత్తి ఏరే రోజుల్లో హాజరు ఎందుకు పడిపోతుందో, పేరెంట్స్ మీటింగుకు ఏ అమ్మ రాలేదో వాళ్లకు తెలుసు. ప్రశ్న ఎవరిని, ఎప్పుడు, ఎలా అడగాలో ఆ తెలివితోనే తెలుస్తుంది. నగరంలో చదివినవారు దాన్ని కష్టపడి నేర్చుకోవాలి. ఇంగ్లిష్ రాతను మాత్రం డిగ్రీలోనే సాధన చేయండి, రిపోర్టులన్నీ ఆ భాషలోనే ఉంటాయి.

ఈ పని మీకు సరిపోతుందో లేదో తెలుసుకోవడానికి కోర్సులో చేరనక్కర్లేదు. గ్రామీణ పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే వాడే చదువు పరీక్ష ఒక్క పేజీ: అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి పేరా, రెండో తరగతి కథ. వేసవి సెలవుల్లో తల్లిదండ్రుల అనుమతి తీసుకుని, మీ వీధిలో ఐదో తరగతి పిల్లలతో చదివించి చూడండి. కథ చదవలేని పిల్లవాడు ఎక్కడ ఆగాడో రాసుకోండి. ఎందుకు ఆగాడో తెలుసుకోవాలని మీకు అనిపిస్తే డిగ్రీలో స్టాటిస్టిక్స్ తీసుకోండి. అమ్మానాన్నలారా, మీ బిడ్డ స్టాటిస్టిక్స్ చదువుతానని అడిగినప్పుడు సీఎస్‌ఈ ఫారం తీసి చేతిలో పెట్టకండి.