నీలగిరి కొండ రైలు: ఎప్పుడు, ఎలా వెళ్లాలి?

ప్రశ్న: ఊటీ కొండ రైలు, అక్కడి అడవి రెండూ చూడాలంటే ప్రయాణం ఎలా పెట్టుకోవాలి?

జవాబు: నీలగిరి రైలు మార్గం తమిళనాడులోని మేట్టుపాళయం నుంచి ఊటీ వరకు 46 కిలోమీటర్లు సాగుతుంది. కూనూరు దాకా 1899లో, ఊటీ దాకా 1908లో రాకపోకలు మొదలయ్యాయి. 2005లో దీనికి యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది.

కల్లారు నుంచి కూనూరు దాకా ఎక్కే దారి చాలా నిటారు. కొన్నిచోట్ల 12 అడుగులు సాగితే ఒక అడుగు ఎత్తు పెరుగుతుంది. అందుకే పట్టాల నడుమ పళ్ల కడ్డీలు రెండు పక్కపక్కనే బిగించారు. ఒకదాని పన్ను ఎదుట రెండోదాని సందు ఉంటుంది. ఇంజను కింది పళ్ల చక్రం వాటిని పట్టుకుని ఎక్కుతుంది కాబట్టి పట్టు ఎక్కడా తప్పదు. ఆవిరి ఇంజను వెనక నుంచి పెట్టెలను నెడుతుంది. కూనూరు దాటాక డీజిల్ ఇంజను రైలును నడుపుతుంది.

చెన్నైలో రాత్రి నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మేట్టుపాళయంలో ఉదయం కొండ రైలు అందుతుంది. ఊటీ చేరడానికి సుమారు 5 గంటలు పడుతుంది. సీట్లు తక్కువ కనుక ముందే రిజర్వు చేసుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కొండచరియలు పడి రైళ్లు రద్దవుతుంటాయి. జనవరి నుంచి మార్చి వరకు అనుకూలం.

ఇక అడవి సంగతి: కొండ పైన గడ్డిమైదానాల మధ్య లోయల్లో షోలా అడవులుంటాయి. వాననీటిని పట్టి ఉంచి వాగులకు మెల్లగా వదిలేవి ఇవే. దారి వదిలి లోపలికి వెళ్లకూడదు, కోతులకు తిండి పెట్టకూడదు, ప్లాస్టిక్ తీసుకెళ్లకూడదు.