మాఘమాసం దాకా ఆగు తల్లీ

విజయవాడ,
శ్రావణ శుక్రవారం.

అమ్మలూ,

నువ్వు పంపిన బండి ఫొటోలు ముందు అమ్మమ్మే చూసింది. చూసి, కళ్లజోడు సవరించుకుని, ‘ఇదేంటండీ, పిల్ల మొక్కలమ్ముతుందా, యుద్ధానికి వెళ్తుందా?’ అంది. ఆ ఆలివ్ గ్రీన్ రంగు, ముందు ఆ నల్ల బుల్ గార్డు, చక్రాల మీద కనురెప్పల్లాంటి ఆ ప్లాస్టిక్ ముక్కలు, టాపు మీద లైట్ల పట్టీ, మన పాత టాటా 207కి కంప్యూటర్లో వేసిన ఆ వేషమంతా చూసి నాకూ నవ్వొచ్చింది. తర్వాత చాలాసేపు నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబుదామంటే నువ్వు ‘సరే తాతయ్యా, సరే తాతయ్యా’ అంటూనే మధ్యలో ఎవరికో మామిడి అంట్ల రేటు చెబుతుంటావు, అందుకే కాగితం తీశాను. తీరిగ్గా, మొక్కలకి నీళ్లు పెట్టాక చదువుకో.

వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన డిగ్రీ చదివి, తోటి పిల్లలంతా బ్యాంకు పరీక్షలకి కూర్చుంటుంటే నువ్వు కడియపులంక తిరిగొచ్చి, నాన్న దగ్గర బండి తాళాలు అడిగి తీసుకుని, తెల్లారుజామున నాలుగింటికి బంతినారు ఎక్కించుకుని ఒక్కదానివే వెళ్తున్నావని మీ అమ్మ భయపడుతూ చెప్పిన ప్రతిసారీ నేను పైకి ‘జాగ్రత్త చెప్పమ్మా’ అంటాను, లోపల మాత్రం పక్కింటాయన్ని పిలిచి ఎప్పుడు చెబుదామా అని ఉంటుంది. చెప్పేశాను కూడా. ఇప్పటికి మూడుసార్లు.

నిజానికి ఈ బండి విషయంలో నాకో వెలితి ఉంది. ముప్పై ఆరేళ్లు జవహర్ ఆటోనగర్‌లో రంగులు కొట్టాను. ఇంజనూ ఛాసీ మాత్రమే ఒంటి ఎముకల్లా వచ్చే లారీలకి ఇక్కడ బాడీ కట్టి, టింకరింగు చేసి, మా షెడ్డుకి తోలితే, వాటికి కనుబొమలూ బొట్టూ పెట్టి పంపినవాణ్ని. 2004లో మీ నాన్న ఈ 207 కొన్నప్పుడు అది కంపెనీ తెలుపుతో వచ్చింది, నువ్వప్పుడు మూడేళ్ల పిల్లవి, దాని ముందు టైరుని కౌగిలించుకుని ఫొటో దిగావు. ఆ తర్వాత ఎప్పుడడిగినా ‘సీజను మావయ్యగారూ, బండి ఖాళీ లేదు’ అన్నాడే గాని ఒక్కసారి తోలుకురాలేదు. ఊరందరి బండ్లూ నా చేతి మీదుగా వెళ్లాయి, ఇంటి బండి మీద మాత్రం నా స్ప్రే గన్ను పడలేదు. ఇప్పుడు నువ్వడిగావు. అదీ నా సంతోషం.

సరే, రంగు సంగతి. ఆలివ్ గ్రీన్ వద్దమ్మా. నాకు నచ్చకపోవడం వేరే విషయం, అది రక్షణ శాఖ బండ్లకి తప్ప ఇంకెవరికీ వెయ్యకూడదని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల్లోనే, 121వ నిబంధనలో ఉంది. ఆకుపచ్చే కావాలంటే లేత అరిటాకు రంగుందిగా, మొవ్వు విచ్చుకున్న రెండో రోజు రంగు. బండి పైకప్పు మాత్రం తెలుపే ఉంచు. మీ గోదావరి ఎండల్లో ముదురు రంగు టాపు కింద కూర్చుంటే నీకే వేపుడు పెట్టినట్టుంటుంది. వెనకాల తొట్టె గోడలు నల్లగా ఉంటే వాటికి ఆనుకున్న మొక్కల ఆకులు వాడిపోతాయి, అది నాకంటే నీకే బాగా తెలుసు. ఏ రంగు మార్చినా ఆర్టీవో ఆఫీసులో చెప్పి ఆర్సీలో రాయించుకోవాలి. ‘ఎవరు చూస్తారులే’ అని మీ నాన్న అంటాడు. ఆయన మాట వినకు, నీ ఎఫ్‌సీ మార్చిలో ఉంది, బ్రేకు ఇన్‌స్పెక్టరుగారు ముందు ఆర్సీ చూస్తారు, తర్వాత బండి చూస్తారు.

బుల్ గార్డు కూడా వద్దు. 2017 డిసెంబరులో కేంద్రం వాళ్లు అవి తీసేయించమని రాష్ట్రాలకి రాశారు. అంతకుముందు నేనే ఎన్నిటికి నల్లరంగు కొట్టానో లెక్కలేదు, బండికి మీసంలా ఉంటుందని మురిసిపోయేవాళ్లం. దెబ్బ తగిలితే నలిగి ఆ దెబ్బ మింగాల్సిన రేకు నలగదు, అదంతా నేరుగా ఛాసీకి వెళ్తుంది, ఎదురుగా సైకిలు మీద వచ్చేవాడి మోకాలికీ వెళ్తుంది. మీ లంక రోడ్ల మీద గడ్డిమోపులేసుకుని సైకిళ్ల మీద ఎంతమంది వస్తారో చెప్పు.

ఇక అసలు పని. రంగు చివరి రెండు రోజుల పని తల్లీ, ముందు పదిహేను రోజులూ తుప్పుతోనే. నీ బండి మోసింది ఇనుమూ సిమెంటూ కాదు, ఇరవయ్యేళ్లుగా తడిమట్టి, పశువుల ఎరువు, పొటాషు, కొబ్బరిపొట్టు. ఆ కొబ్బరిపొట్టు ఉందే, మొక్కకెంత మంచిదో రేకుకంత చెడ్డది, నీళ్లు పీల్చుకుని వదలదు, దాన్లో ఉప్పు కూడా ఉంటుంది. తొట్టెలో అడుగురేకు పక్కరేకుని కలిసేచోట, డాలా మడతబందుల కింద, చక్రాల గూళ్ల లోపలి అంచున, క్యాబిన్లో మ్యాటు కింద చూడు. తలుపుల అడుగున చిటికెనవేలు పట్టేంత చిల్లులుంటాయి, అద్దం మీంచి దిగిన వాన నీరు పోవడానికి కంపెనీవాడు పెట్టినవి. అవి మట్టితో పూడిపోయి ఉంటాయి, తలుపు కడుపులో నీళ్లు నిలబడి కింది అంచు అప్పడంలా తయారయ్యుంటుంది. ఒక చీపురుపుల్ల పెట్టి పొడిచి చూడు, నల్లనీళ్లు కారితే నేను చెప్పింది నిజమన్నమాట. ఎక్కడైనా పాత పుట్టీ దళసరిగా కొట్టారేమో తెలియాలంటే చిన్న అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి రేకు మీద జరుపుకుంటూ వెళ్లు, పట్టు సడలినచోట సుద్దముక్కతో సున్నా చుట్టు. ఫొటో తీసి పంపకు, సున్నాలెన్నో లెక్క మాత్రం చెప్పు, నాకు అర్థమవుతుంది.

చిల్లుపడ్డ రేకు కోసేసి కొత్తముక్క వెల్డింగు పెట్టాలి. దానిమీద పుట్టీ మెత్తి మూసెయ్యడం కాదు. శుభ్రంగా లోహం కనపడేదాకా గీకి ఎపాక్సీ ప్రైమరు, ఆ తర్వాతే పుట్టీ, అదీ రెండు మూడు మిల్లీమీటర్లు దాటకుండా. పుట్టీ గరుకు పోయాక మీద నల్లరంగు మంచులా చల్లి మళ్లీ నీళ్ల కాగితంతో రుద్దుతారు, పల్లం ఉన్నచోట నలుపు మిగిలిపోతుంది. చూడ్డానికి భలే ఉంటుంది, బండి తన గుంతలన్నీ తనే చూపించినట్టుంటుంది. ఆ రోజు నువ్వు షెడ్డులో ఉండు. ఆ తర్వాత సర్ఫేసరు, నాలుగొందల నంబరు కాగితం, ఆరొందల నంబరు కాగితం, అదంతా మేస్త్రి చూసుకుంటాడు.

దసరాకల్లా అయిపోవాలన్నావు, ఆయుధపూజకి కొత్త బండిలా నిలబెట్టాలని నీ ఆశ. నాకు తెలుసు. కానీ ఒక సంగతి చెబుతాను, మీ అమ్మకి కూడా చెప్పలేదిది. 1994లో, సరిగ్గా దసరా ముందు, ముసురు పట్టి ఉంది, ఒక లారీ పూజకి ఇచ్చి తీరాలని ఓనరు కంటే నాకే ఆత్రం ఎక్కువైంది, బోనసు ఇస్తానన్నాడు మరి. నా దగ్గర పదహారేళ్ల కుర్రాడొకడు కాగితం పట్టేవాడు. రాత్రి పదకొండింటికి వాడు తలుపు మీద చెయ్యి ఆనించి, ‘పుట్టీ ఇంకా చల్లగా ఉంది మేస్త్రీ’ అన్నాడు. చల్లగా ఉందంటే లోపల తడి ఉందని, అది నేనే వాడికి నేర్పాను. ‘నాకు చెబుతున్నావా’ అని కసిరి గన్ను ఎత్తాను. రంగు అద్దంలా వచ్చింది. నెల తిరక్కుండా లారీ మళ్లీ మా షెడ్డు ముందు ఆగింది, తలుపంతా అమ్మవారు పోసినట్టు పొక్కులు. ఓనరు ఒక్కమాట అనలేదు, ఒక పొక్కుని గోటితో గిల్లి, లోపల్నుంచి వచ్చిన నీటిచుక్కని నా చూపుడువేలికి రాసి, టీ తాగడానికి వెళ్లిపోయాడు. ఆ తలుపులు రెండూ నా సొంత డబ్బుతో మళ్లీ చేశాను, ఆ నెల అమ్మమ్మ ఎన్ని పూటలు పచ్చిపులుసు పెట్టిందో ఆవిణ్నే అడుగు. కుర్రాడికి మాత్రం నేను తప్పయిందని చెప్పడానికి ఆరు నెలలు పట్టింది.

ఆ కుర్రాడే ఇప్పుడు రాజమండ్రిలో షెడ్డు పెట్టుకున్నాడు. నీ బండి వాడి దగ్గరికే తోలుకెళ్లు, నేను మాట్లాడి ఉంచాను. వానలు వెళ్లి, సంక్రాంతి దాటి, మాఘమాసపు పొడి ఎండ వచ్చాక మొదలుపెడదామన్నాడు, వాడి మాట మీద నాకిప్పుడు గురి. నీకూ వర్షాకాలం సీజను, బండి లేకుండా ఎలా గడుస్తుంది? ఆయుధపూజకి పాత రంగు మీదే పసుపు కుంకుమ పెట్టు, అమ్మవారేమీ అనుకోదు.

మా కాలంలో అంతా డూకోయే. అమెరికాలో డూపాంట్ కంపెనీవాళ్లు 1920ల్లో తెచ్చిన రంగు పేరట అది, కంపెనీ ఏదైనా త్వరగా ఆరే రంగుకి మా నోట్లో అదే పేరు స్థిరపడిపోయింది. ముసురులో కొడితే తెల్లగా బూజు పట్టినట్టయ్యేది. ఇప్పుడంతా పీయూ, హార్డెనరు కలిపి కొట్టేది, ఎండకీ వానకీ బాగా నిలబడుతుంది, నీ బండికి అదే. కానీ ఆ హార్డెనరు పొగ ఊపిరితిత్తులకి మంచిది కాదమ్మా. మేం ముక్కుకి తువ్వాలు కట్టుకుని కొట్టాం, ఇప్పుడు రాత్రిళ్లు నా దగ్గుకి అమ్మమ్మ లేచి కూర్చుంటోంది. షెడ్డులో కుర్రాళ్లు ఇద్దరున్నారట. బండి ఇచ్చేరోజు డబ్బాలున్న మంచి మాస్కులు, గుడ్డవి కాదు, మూడు కొని నీ చేత్తో ఇవ్వు. మూడోది మేస్త్రికి, వాడు ‘నాకెందుకమ్మా’ అంటాడు, పెట్టుకునేదాకా అక్కడే నిలబడు. నిలబడగలవు నువ్వు.

ఎందుకంటే నువ్వు తొమ్మిదేళ్లప్పుడే నిలబడ్డావు. నేను ఆ వేసవి మీ ఇంట్లోనే ఉన్నాను. బండి వెనక్కి తీస్తూ లోడింగు అబ్బాయి ‘రైట్, రైట్’ అంటుంటే ఎడమపక్క తొట్టె గేటు స్తంభానికి రాసుకుని మూరెడు గీత పడింది, మీ నాన్న చెయ్యెత్తాడు, నువ్వు పలకతో సహా మధ్యలోకొచ్చి ‘గేటు సగమే తీసింది నేను నాన్నా’ అన్నావు. నువ్వు గేటు దగ్గరికే వెళ్లలేదని వరండాలో కూర్చున్న నాకు తెలుసు. అబద్ధమాడావని కోప్పడాలో, దగ్గరికి తీసుకోవాలో తెలీక నీకు మామిడిపండు కోసిచ్చాను. ఆ అబ్బాయి ఇప్పటికీ మీ దగ్గరే పనిచేస్తున్నాడుగా. మొన్న నువ్వు ‘ఆ గీత మాత్రం ఉంచేద్దాం తాతయ్యా, గుర్తుగా’ అన్నావు. వద్దు బంగారం. ఫొటోలో పెద్దది చేసి చూశాను, గీత అంచున రంగు లేచి కింద ఎర్రగా పాకింది. దాన్ని కూడా గీకించెయ్.

మిగతా అలంకారాల సంగతి నీ ఇష్టం, కానీ వరస మార్చు. ముందు అద్దాల బీడింగులూ తలుపుల బీడింగులూ కొత్తవి వేయించు, మ్యాటు కింద తుప్పుకి సగం కారణం ముందద్దం చుట్టూ బీటలువారిన ఆ రబ్బరే. రంగుకి ముందు పాతవి పీకించు, అవి ఉండగానే చుట్టూ పేపరు అంటించి కొడితే ఏడాదిలో అక్కణ్నుంచే పెచ్చులూడుతుంది. పక్క అద్దాలు పెద్దవి కొను, వెనక అరటి పిలకలు నిండితే లోపలద్దంలో నీకు ఆకులు తప్ప ఏం కనపడతాయి? గ్రిల్లుకీ బంపరుకీ నిగనిగలాడని నలుపు చాలు. చక్రాల మీద ఆ కనురెప్పలు కావాలంటే పెట్టుకో, కాదనను, వయసు ముచ్చట. మరలకి కొట్టే ప్రతి చిల్లు అంచుకీ కుంచెతో ప్రైమరు అద్దించి రబ్బరు వాషరు వేయించు. మెరిసే టేపు ముందు తెలుపు, పక్కన పసుపు, వెనక ఎరుపు, రంగు బాగా గట్టిపడ్డాకే అంటించాలి. లైట్ల పట్టీ మాత్రం వద్దు, ఎదుటివాడి కళ్లల్లో కొట్టి మనం వెలుగు చూడటమేంటి.

డబ్బు సంగతి మీ నాన్నతో మాట్లాడకు, సగం నాది. అడ్వాన్సు బండి ఇచ్చిన రోజే ఇచ్చెయ్, ‘తర్వాత చూద్దాం’ అంటే వాడు కుర్రాళ్లకి కూలీ ఎక్కణ్నుంచి ఇస్తాడు? నల్లరంగు చల్లే రోజుకి నేను రైలెక్కి వస్తాను, గన్ను పట్టుకోను, దగ్గొస్తుంది, కుర్చీ వేసుక్కూర్చుంటాను. మాస్కింగుకి పాత పేపర్లు ఇప్పట్నుంచే అటక మీద దాచు, తడి తగలనీకు.

అమ్మమ్మ పక్కనే ఉండి ఒకటి రాయమంటోంది. రెండు ముద్ద నందివర్ధనాలు, ఒక కరివేపాకు అంటు బండి షెడ్డుకి ఇచ్చేముందే ఇటు వచ్చేవాళ్లెవరితోనైనా పంపాలట, తర్వాత మూడు వారాలు బండి ఉండదు కదా అంటోంది. మాఘమాసానికి ఇంకా ఐదారు నెలలుందే అంటే, పిల్ల మర్చిపోతుంది, రాయండి అంటోంది.

ఇట్లు,
తాతయ్య