స్వదేశం వినని స్వరం – విల్లిస్ కోనోవర్

ఆకాశవాణిలో పాటలు పరిచయం చేసే వ్యాఖ్యాతకు చరిత్రలో స్థానమేమిటని విద్యార్థులు ప్రశ్నించవచ్చు. విల్లిస్ కోనోవర్ జీవితం అందుకు సమాధానమని మా అభిప్రాయం.

ఆయన 1920లో అమెరికాలోని బఫెలో నగరంలో జన్మించాడు. మేరీలాండ్‌లో ఒక చిన్న రేడియో కేంద్రంలో పనిచేసి వాషింగ్టన్ చేరాడు. నల్లవారికీ తెల్లవారికీ వేర్వేరు ఆసనాలుండే ఆ రాజధానిలో, తాను ఏర్పాటు చేసే జాజ్ కచేరీలకు ఇరువురినీ కలిపి కూర్చోబెట్టాలని పట్టుబట్టాడు. మిగిలిన కీర్తికంతటికీ ఇదే పునాది అనుకుంటాము.

1955 జనవరిలో 'వాయిస్ ఆఫ్ అమెరికా' ఆయన జాజ్ కార్యక్రమాన్ని ప్రారంభించింది. డ్యూక్ ఎల్లింగ్టన్ వాద్యబృందపు 'టేక్ ది ఏ ట్రెయిన్' దానికి నాందీగీతం. షార్ట్‌వేవ్ తరంగాలు ఊర్ధ్వాకాశపు అయనమండలాన్ని తాకి తిరిగి భూమికి దిగుతాయి. దారిలో ధ్వని హెచ్చుతగ్గులకు లోనవుతుంది. కనుక కోనోవర్ గంభీరమైన కంఠంతో, ఒక్కొక్క పదాన్నీ విడదీసి, తాపీగా పలికేవాడు. ఆంగ్లం అంతంతమాత్రంగా వచ్చినవారికి సంగీతంతోపాటు భాషాపాఠమూ లభించింది! సోవియట్ ప్రభుత్వం రష్యన్ భాషా ప్రసారాలకు తరచు అంతరాయం కల్పించినా, ఆంగ్ల ప్రసారాలు చాలావరకు వినబడేవి. అక్కడి యువకులు పాశ్చాత్య సంగీతాన్ని పాత ఎక్స్‌రే ఫిల్ములపై గాడులు గీసి రికార్డులుగా దాచుకున్నారు.

1959లో ఆయన వార్సా విమానాశ్రయంలో దిగినప్పుడు పుష్పగుచ్ఛాలతో, టేప్ రికార్డర్లతో జనం నిలిచి ఉన్నారు. ఎవరో ప్రముఖుడు వస్తున్నాడని ఆయన పక్కకు తొలగబోయాడట. వారు నిరీక్షించినది ఆయన కొరకే.

ఇది ప్రచారం కాదా? ఆ ప్రసారానికి ధనమిచ్చిన ప్రభుత్వానికి రాజకీయ ప్రయోజనం లేదనడం అమాయకత్వమే. అయితే కోనోవర్ ఉద్యోగి కాక కాంట్రాక్టుపై పనిచేశాడు. ఏ పాట వేయాలన్న స్వేచ్ఛను తన చేతిలోనే ఉంచుకున్నాడు. రాజకీయోపన్యాసం చేయలేదు. స్వరం, తాళం ముందుగా ఒప్పుకొని, ఆపై ఎవరి మనోధర్మం వారు వినిపించడమే జాజ్ అని ఆయన భావన. మన కచేరీ సంప్రదాయం ఎరిగినవారికి ఇది కొత్త మాట కాదు.

నిర్వాహకుడిగానూ ఆయన సమర్థుడు. 1969లో శ్వేతసౌధంలో ఎల్లింగ్టన్ డెబ్బదవ జన్మదినోత్సవపు కచేరీని, అదే ఏట న్యూ ఆర్లియన్స్ జాజ్ ఉత్సవాన్ని నడిపించాడు.

విచిత్రమేమనగా, 1948 నాటి స్మిత్–ముండ్ట్ చట్టాన్ననుసరించి ఆ ప్రసారాలను అమెరికాలోపల వినిపించరాదు. కోట్లాది విదేశీయులకు ఆప్తుడైన ఈ వ్యక్తి సొంతవీథిలో దాదాపు అపరిచితుడు. 1996 మే 17న మరణించాడు. ఆ చట్టపు నిషేధం 2013లో గాని సడలలేదు.