ఏడుసార్లు తిప్పిపంపిన స్వెటర్

1962లో పారిస్‌లో, తర్వాత డిజైనర్‌గా పేరు తెచ్చుకున్న సోనియా రీకియెల్ కడుపుతో ఉంది. ఒంటికి హాయిగా ఉండే స్వెటర్ ఏ కొట్లోనూ దొరకలేదు. భర్తకు బట్టల షాపు ఉండేది. ఆ షాపుకి సరుకిచ్చే వెనిస్ అల్లికదారు చేత తనకు కావలసినట్టు ఒకటి చేయించుకుంది. వచ్చింది నచ్చలేదు, తిప్పిపంపింది. అలా ఏడుసార్లు! చివరికి తేలిన ఆ పొట్టి, బిగుతు స్వెటర్ 1963లో 'ఎల్' పత్రిక ముఖచిత్రానికెక్కింది. 1967కల్లా ఒక అమెరికా ఫ్యాషన్ పత్రిక ఆమెను 'అల్లికల రాణి' అనేసింది. కుట్లు బయటికి కనబడేలా తిప్పేయడం, అంచు మడతా లైనింగూ తీసేయడం ఆవిడ ముద్ర.

ఆవిడ ఏ ఫ్యాషన్ కాలేజీలోనూ చదవలేదు. "అయితే మాకు మాత్రం కాలేజీ ఎందుకండీ?" అనకండి. ఆవిడకి ఇంట్లోనే షాపుంది, మాట వినే సప్లయరున్నాడు. కలకత్తా పక్కన సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో పెరిగే తెలుగు పిల్లకి ఆ రెండూ లేవు. మెషీన్లు, నూలు, ఫ్యాక్టరీ పరిచయాలు కాలేజీలోనే దొరుకుతాయి.

కాలేజీ దూరమేమీ కాదు, కలకత్తా సాల్ట్‌లేక్‌లోనే నిఫ్ట్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ) ఉంది. నాలుగేళ్ల డిజైన్ డిగ్రీలో నిట్‌వేర్, అంటే అల్లిక దుస్తులు, ఒక బ్రాంచి. హైదరాబాద్ మాదాపూర్ క్యాంపస్‌లోనూ ఉంది. ఇంటర్‌లోగానీ హయ్యర్ సెకండరీలోగానీ ఏ గ్రూపైనా ఫర్వాలేదు. ప్రవేశ పరీక్షలో బొమ్మలు గీయడం ఒక్కటే చాలదు, జనరల్ ఎబిలిటీ పేపరూ, చేత్తో వస్తువు తయారుచేసే సిట్యుయేషన్ టెస్టూ ఉంటాయి. ఫీజు బాగానే ఉంటుంది, ముందే లెక్క చూసుకోండి.

షర్టు డిజైనరు తానులోంచి గుడ్డ కత్తిరిస్తాడు. నిట్‌వేర్ డిజైనరు నూలు దగ్గరే మొదలుపెట్టాలి: ఏ నూలు, ఏ అల్లిక, ఏ గేజ్. గేజ్ అంటే మెషీన్‌లో అంగుళానికి ఎన్ని సూదులని. 5 గేజ్‌లో మందపాటి చలికోటు వస్తుంది, 12 గేజ్‌లో పల్చటి స్వెటర్. చలికాలంలో కలకత్తా వెల్లింగ్టన్ దగ్గర భూటియావాళ్ల దుకాణాల్లో ఒక స్వెటర్ తిరగేసి చంక దగ్గర చూడండి. చంక వంపు వెంబడి ఏటవాలు గుర్తులు వరుసగా ఉంటే ఆ ముక్కను మెషీనే ఆకారానికి అల్లినట్టు. ఓవర్‌లాక్ కుట్టు మాత్రమే ఉంటే అల్లిన గుడ్డను కత్తిరించి కుట్టినట్టు. రెంటికీ ఖర్చు వేరు, వృథా అయ్యే నూలు వేరు. ఇంటర్వ్యూలో ఈ తేడా చెప్పగలిగినవాళ్లని ఫ్యాక్టరీవాళ్లు గుర్తుపెట్టుకుంటారు.

కలకత్తా హోజరీకి పాత ఊరు. దేశంలో తొలి హోజరీ కర్మాగారం 1893లో ఖిదిర్‌పూర్‌లో పెట్టారంటారు. రూపా, డాలర్, లక్స్ ఇక్కడి కంపెనీలే. బనియన్ల కంపెనీ అని చిన్నచూపు వద్దు, నూలు మీద పట్టు దొరికేది అక్కడే. ఎగుమతి సరుకు మీద ఆశ ఉంటే తిరుప్పూర్, ఊలు మీదుంటే లూధియానా.

ఒక్క మాట, రీకియెల్ కంపెనీ 2019లో మూతబడింది, ఆవిడ పోయిన మూడేళ్లకి. అందుకే డిజైన్‌తోబాటు కాస్టింగ్ (ఖర్చు లెక్కల) పేపర్‌ని కూడా సీరియస్‌గా చదవండి.